వరండాలో పెట్టిన సూట్‌కేసు

మొయినాబాద్‌లో మా ఇంటి అటక మీద ఒక పెద్ద సూట్‌కేసు ఉంది. పాత సామాన్లవాడికి వేసేద్దామని అత్తమ్మ అంటుంది. నేను వేయనివ్వను.

నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. మిగతాదంతా చేవెళ్ల గ్రంథాలయంలో చదువుకున్నదే. ఏ యుద్ధంలో ఏ సైన్యం ఏ నది దాటిందో అడిగితే చెప్పగలను. ఆ ధీమాతోనే సైన్యంలో ఆఫీసర్‌ను పెళ్లి చేసుకుని, సరిహద్దు పక్కనున్న కంటోన్మెంట్‌కు వెళ్లాను. అక్కడ కాల్పులు మొదలైనప్పుడు ఆయన తన దళంతో ముందుకు వెళ్లారు. ఎక్కడికో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఫిరంగి గుండు పడితే ముందు వంటింట్లో గిన్నెల మూతలు అదిరేవి, శబ్దం తర్వాత వినిపించేది. రోడ్డు మీద కూడా పడుతున్నాయని, ఎవరూ క్వార్టర్లు దాటి పోవద్దని ఆదేశం వచ్చింది. ఆ మధ్యాహ్నం అత్తమ్మ ఫోన్ చేసింది.

"నువ్వు ఇటు వచ్చెయ్ బిడ్డా. వానికంటే నౌకరి. నీకేం నౌకరి ఆడ?"

"రోడ్డు మంచిగ లేదత్తమ్మా. ఇంట్లనే ఉంటే ఫికర్ లేదు."

"గుండ్లు పడుతున్నయంటవ్, ఫికర్ లేదంటవ్. పుస్తకాలు చదివి చదివి నీ దిమాగ్ ఖరాబైంది."

చీకటి పడేలోగా వెలుతురు బయటికి పోకుండా కిటికీలు కప్పాలి. మందపాటి రగ్గులు సూట్‌కేసులో ఉన్నాయి. దించితే ఒకటే దుమ్ము. వరండాలో పెట్టి, తుడిచే గుడ్డ కోసం లోపలికి వెళ్లాను.

ఎదురు వరుసలో జవాన్ల కుటుంబాలుండేవి. వాళ్లు ఆదేశాలు వినేవారు, కానీ ఆఫీసర్ ఇంటి గుమ్మాన్ని చూసి నమ్మేవారు. మేడమ్ పెట్టె బయటికొచ్చిందంటే మేడమ్ వెళ్లిపోతున్నట్టే, తమకు తెలియనిదేదో ఆమెకు తెలిసినట్టే. ఆ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

గుడ్డతో తిరిగొచ్చేసరికి ఎదురింటి ముందు మూటలు కనిపించాయి. మా శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చిన ఒక జవాను భార్య పిల్లను చంకనేసుకుని గేటు వైపు నడుస్తోంది. వెనకాల మరికొందరు.

పరుగెత్తి అడ్డం నిలబడ్డాను. "ఏడికి పోతున్నవ్ చెల్లె?"

"మీరెటు పోతే అటే మేడమ్. మాకు చెప్పకుండనే పోదామనుకున్నరా?"

"నేనేడికి పోతలేను."

"మరి ఆ పెట్టె?"

మాటలతో ఆగేలా లేరు. అందరినీ వెంటబెట్టుకొచ్చి, సూట్‌కేసును వాళ్ల ముందే నేల మీద బోర్లించాను. రగ్గులు, ఒక బొంత, నా యుద్ధ చరిత్ర పుస్తకం పడ్డాయి. ఆమె వంగి వాటిని అటూ ఇటూ కదిపి చూసింది.

"చీరలేవి?"

"బీరువల."

"ఒక్క చీర లేదు! నిజంగనే పోతలేరు," అని వెనక్కి తిరిగి మిగతావాళ్లకు హిందీలో చెప్పింది. ఎవరో నవ్వారు. తలా ఒక మూట ఎత్తుకుని లోపలికి వెళ్లారు. సాయంత్రం గేటు అవతల కల్వర్టు దగ్గర గుండు పడింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

ఆ ఖాళీ సూట్‌కేసును మూత తెరిచి వరండాలోనే ఉంచేశాను. పొద్దున లేవగానే ఎదురు వరుసవాళ్లు ముందు దానివైపే చూసేవారు. కాల్పులు ఆగాక ఆయన తిరిగొచ్చారు. మెట్లెక్కుతుంటే అది కాలికి తగిలింది.

"ఇదేంది, ఈడ పెట్టినవ్?"

"నౌకరి చేస్తున్నది," అని చెప్పి, మూత వేసి లోపలికి తీశాను.