లేని షుగరుకి కాపలా

డ్రైవింగ్ స్కూల్లో పద్దెనిమిదేళ్లుగా కారు నేర్పుతున్న ఆవిడని అందరూ బ్రేకమ్మ అనేవారు. నేర్పేవాళ్ల కాలి దగ్గర అదనంగా ఒక బ్రేకు ఉంటుంది. పక్కవాళ్లు ఎంత కంగారుపడ్డా ఆవిడ మాత్రం తొణికేది కాదు, బెణికేది కాదు.

షుగరు వల్ల అక్కకి ఒక కన్ను మసకబారిందని తెలిసిన రోజే బ్రేకమ్మ గుండెల్లో రాయి పడింది. పరీక్షలు చేయించుకుంటే తనకేమీ లేదన్నారు. నమ్మబుద్ధి కాలేదు. ఒంట్లో చక్కెర ఎంతుందో ఎప్పటికప్పుడు ఫోనుకి చెప్పే సెన్సరు బిళ్ల కొని భుజం కింద అంటించుకుంది.

అరటిపండు తింటే నూట నలభై ఎనిమిది. పండు మానేసింది. బ్రెడ్డు ముక్కకి నూట నలభై. అదీ మానేసింది. ఆపైన మధ్యాహ్నం భోజనమే మానేసింది. ఆ చేతివైపు ఒత్తిగిలి పడుకుంటే అంకె అరవైకి పడిపోయి ఫోను గీపెట్టేది. పెరిగితే ఒక భయం, తగ్గితే ఇంకో భయం. వారం తిరిగేసరికి బట్టలు వదులయ్యాయి.

పదోరోజు ఉదయం, రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ స్టీరింగు పట్టింది. మలుపులో ఫోను మళ్లీ గీపెట్టింది. బ్రేకమ్మ చూపు అటు పోయింది. కాలు బ్రేకు మీద పడేలోపే కారు పేవ్‌మెంటు ఎక్కి పూలకుండీని గుద్దేసింది. కుండీకి రెండడుగుల అవతల ఎవరో తల్లీకూతుళ్లు నడుస్తున్నారు.

"మీరున్నారన్న ధైర్యంతోనే తిప్పానమ్మా," అంది టీచరు.

బ్రేకమ్మ దిగి, తల్లీకూతుళ్లకి ఏమీ కాలేదని చూసుకుంది. ఆఫీసులో జరిగింది జరిగినట్టు చెప్పి, తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లింది.

డాక్టరు ఫోనులోని గీతలన్నీ ఓపిగ్గా చూశాడు. "తిన్నాక కాస్త పెరిగి దిగడం అందరికీ ఉండేదేనమ్మా. పడుకున్నప్పుడు ఒంటి కింద నలిగితే బిళ్ల తక్కువ చూపిస్తుంది. మీకు షుగరు లేదు. లేనిదల్లా తిండే."

ఆ సాయంత్రం అక్క దగ్గర కూర్చుని అంతా చెప్పుకుంది.

"నా జబ్బుకి నువ్వు పథ్యం చేస్తే నాకేం తగ్గుతుందే?" అంది అక్క.

"నీకు భయం వెయ్యదా?"

"ఎందుకు వెయ్యదు? రోజూ వేస్తుంది. అలా భయపడుతూనే వంట చేసుకుంటున్నా. లే, తినేసి కాసేపు నడిచొద్దాం."

రెండు వారాల గడువు తీరకముందే బ్రేకమ్మ బిళ్ల పీకేసింది. మళ్లీ కొనలేదు. రెండు వారాలకి టీచరమ్మ, వేరేవాళ్లు వద్దని పట్టుబట్టి, మళ్లీ ఈవిడ దగ్గరే నేర్చుకోవడానికి వచ్చింది. భయం మాత్రం పూర్తిగా పోలేదు. భోజనానికి కూర్చున్నప్పుడు ఇప్పటికీ బ్రేకమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత తింటుంది.