విఠల్ తుడిచిన రైఫిల్

మేము సరిహద్దు మంచుకొండ మీది పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కింది క్యాంపు నుంచి చీకటి ఉండగానే బయల్దేరాం. ఒకరి నడుముకూ ఇంకొకరి నడుముకూ తాడు. వీపు మీద సామాను, మెడలో రైఫిల్. మాట్లాడొద్దని ఆర్డరు. మాట్లాడితే ఊపిరి చాలదు. చివరి ఎత్తు ఎక్కాక నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. అప్పటికే అక్కడున్న జవాను ఒకడు గ్లాసుతో వేడినీళ్ళు ఇచ్చాడు. తాగేలోపే చల్లారిపోయాయి.

పోస్టు అంటే జనం కోటలాంటిదేదో ఊహించుకుంటారు. ఫైబర్ గుడిసెలు రెండు. కాపలా కాయడానికి రాళ్ళు పేర్చి కట్టిన మోర్చా ఒకటి. మోర్చా ముందు లోయ. లోయ అవతల శత్రువుల శిఖరం. గుడిసెలో కిరోసిన్ స్టవ్ ఆరకుండా వెలుగుతూ ఉండేది. దాని మసి మా ముక్కుల్లో, ఉమ్మిలో, అన్నంలో.

మొత్తం ఆరుగురం. పోస్టు కమాండరు సుబేదార్ సాబ్, కొండ ప్రాంతం మనిషి, గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. మెషిన్‌గన్ మీద ఒక హర్యానా జవాను. ఒక వంటవాడు. ఒక నర్సింగ్ అసిస్టెంటు. రేడియో ఆపరేటరు విఠల్. నేను. అందరం హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. నాకూ విఠల్‌కూ మాత్రం తెలుగు ఉండేది. అతనిది కోహీర్. నాది ఝరాసంగం దగ్గర చిన్న ఊరు. ఇద్దరం జహీరాబాదు కాలేజీలోనే చదివాం, అతను నాకంటే రెండేళ్ళు చిన్న. అంత ఎత్తున మన యాస వినపడితే ఎలా ఉంటుందో చెప్పలేను.

ఇప్పుడు జహీరాబాదులో నాకు స్పేర్ పార్టుల దుకాణం ఉంది. వచ్చినవాళ్ళు అడుగుతారు.

"ఎంతమందిని కొట్టినవ్ సంగమేశన్నా?"

ఒక్కణ్ణీ కొట్టలేదు. ఆ చలికాలమంతా మా పోస్టు మీదకు ఒక్క తూటా రాలేదు. మేమూ కాల్చలేదు. అయినా అక్కడ నాకు జరిగింది ఒకటుంది. అది చెబుతాను.

ఎప్పుడు మొదలైందో సరిగ్గా తెలియదు. ఇంట్లో అంతా బాగానే ఉన్నారు. సాబ్ తిట్టలేదు. ఒక పొద్దున బూటు చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. వేసుకోవాలని తెలుసు. చెయ్యి కదలలేదు. బూటు వైపు చూస్తూ ఉండిపోయాను. అది చాలా దూరంలో ఉన్నట్టు, ఇంకెవరిదో అయినట్టు అనిపించింది.

విఠల్ చూశాడు.

"అన్నా, బూటేస్కో. సాబ్ వస్తుండు."

వేసుకున్నాను. కానీ మర్నాడూ అంతే. గడ్డం గీసుకోవడం మానేశాను. డబ్బాలో బంగాళాదుంపలు ముందు పెడితే చెంచా పట్టుకుని ఊరుకునేవాణ్ణి. రుచి లేదు. వాసన లేదు. ఏడుపు కూడా రాలేదు. వచ్చుంటే నయమే అనుకునేవాణ్ణి. నర్సింగ్ అసిస్టెంటు వేలికి క్లిప్పు పెట్టి చూసి, ఆక్సిజన్ బాగానే ఉందన్నాడు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు కాదన్నమాట. మరేమిటో అతను అనలేదు, నేను అడగలేదు.

పనుల్ని ముక్కలు చేసుకోవడం నేర్చుకున్నాను. లేవడం అనేది పెద్ద పని. ముందు ఒక కాలు స్లీపింగ్ బ్యాగులోంచి బయటికి. కాసేపు ఆగడం. తర్వాత రెండోది. లోపలి మేజోడు. ఆగడం. పై మేజోడు. ఇలా బూటు దాకా చేరేసరికి రోజుకు సరిపడా ఓపిక అయిపోయేది.

ఒకరోజు స్టవ్ దగ్గర మేమిద్దరమే ఉన్నప్పుడు విఠల్ అడిగాడు.

"ఏమైందన్నా నీకు?"

"ఏం కాలె."

"ఏం కాకుంటె గిట్లెందుకున్నవ్? వదినెతోని ఏమన్న లొల్లా?"

"లేదు. ఏమో విఠల్, పొద్దుగాల లేవబుద్ధి అయితలేదు. లేశి ఏం చెయ్యాలె అనిపిస్తుంది. ఉంటె ఎంత, లేకుంటె ఎంత అనిపిస్తుంది." ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే భయమేసింది. "ఎవ్వరికి చెప్పకు."

"నీ మీద ఒట్టన్నా. చెప్ప."

ఆ రోజు నుంచి నా పనులు విఠల్ చేయడం మొదలుపెట్టాడు. నీళ్ళ కోసం మంచు తవ్వి తేవడం మా వంతుల ప్రకారం జరిగేది. నా వంతు అతనే తెచ్చేవాడు. నా మేజోళ్ళు స్టవ్ మీద ఆరబెట్టేవాడు. సాయంత్రం రైఫిళ్ళు శుభ్రం చేసే వేళకు నా పక్కన కూర్చునేవాడు.

"గిటు తే అన్నా. నేను సాఫ్ చేస్త. నువ్వు జర కూసో."

ఇచ్చేవాణ్ణి. తన రైఫిల్, నా రైఫిల్ రెండూ విప్పి, తుడిచి, నూనె రాసి, బిగించి నాది నా తలగడ దగ్గర పెట్టేవాడు. సొంత తమ్ముడు కూడా ఇంత చేయడు అనుకున్నాను. ఆ మాట అతనితో అన్నాను కూడా. అతను తల దించుకుని రైఫిల్ తుడుస్తూనే ఉన్నాడు.

గంటకోసారి కింది క్యాంపు నుంచి రేడియో పిలిచేది. అన్ని పోస్టులూ వరసగా జవాబు చెప్పాలి. మా వంతు వస్తే విఠల్ అదే గొంతుతో అదే మాట చెప్పేవాడు.

"ఆల్ ఓకే. ఆరుగురం ఓకే."

నేను గోడ వైపు తిరిగి పడుకుని వినేవాణ్ణి. ఆ ఆరుగురిలో నేనున్నాను.

నేను సొంతంగా చేయగలిగిన పని ఒక్కటే మిగిలింది. సెంట్రీ. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మోర్చాలో నాది డ్యూటీ. అది మాత్రం తప్పలేదు. బూటు వేసుకోవడానికి ఎంతసేపు పట్టినా ఆరింటికి మోర్చాలో ఉండేవాణ్ణి. వెనక గుడిసెలో మనుషులు పడుకుని ఉన్నారు. వాళ్ళు కళ్ళు మూసుకోగలిగింది నేను కళ్ళు తెరిచి ఉన్నాను కాబట్టి. మంచు పొడి ముఖానికి కొట్టేది. శిఖరం ఒక్కోసారి కనపడేది, ఒక్కోసారి లేదు. కనపడనప్పుడు ఇంకా గట్టిగా చూసేవాణ్ణి. ఆ రెండు గంటలూ నేను దేనికో పనికొచ్చేవాణ్ణి. మిగతా రోజంతా ఆ రెండు గంటల కోసమే ఈడ్చుకొచ్చేవాణ్ణి. దిగి రాగానే వంటవాడు చాయ్ ఇచ్చి, "శభాష్ ఉస్తాద్" అనేవాడు. అది కూడా మందులాగే పనిచేసేది.

వారానికోసారి శాటిలైట్ ఫోనులో ఇంటికి మాట్లాడనిచ్చేవాళ్ళు. నా భార్య అనిత గొంతు హుషారుగా ఉండేది. ఎప్పుడూ అంత హుషారుగా మాట్లాడే మనిషి కాదు.

"తిన్నవా? గడ్డం గీస్కుంటున్నవా? విఠల్ పక్కన్నే ఉంటుండు గదా?"

గడ్డం సంగతి ఎందుకు అడుగుతోందో నాకు తట్టలేదు.

నడుమ ఒక తుఫాను వచ్చింది. చలికాలం మొదట్లోనే మూసుకుపోయిన దారి ఇంకా పూడిపోయింది. పైనుంచి సామాను జారవిడిచే హెలికాప్టర్ కూడా రాలేదు. గుడిసె పైకప్పు మీద మంచు వంతులు వేసుకుని తోశాం. నా వంతు మళ్ళీ విఠల్‌దే.

తుఫాను వెళ్ళిపోయిన మర్నాడు ఎండ కాసింది. గాలి లేదు. వంటవాడు దాచిన ఆఖరి ఉల్లిగడ్డ తీసి నూనెలో వేశాడు. నాకు వాసన తెలిసింది. ఎన్నాళ్ళ తర్వాతో నాకు ఒక వాసన తెలిసింది. లేచి కూర్చున్నాను. నీళ్ళు కాచుకుని గడ్డం గీసుకున్నాను. అద్దంలో ముఖం చిక్కిపోయి ఉంది, కానీ నాదే. ఇంకేం చేయాలా అని చూశాను. రైఫిల్ కనపడింది. విఠల్ మంచు తేవడానికి బయటికి వెళ్ళాడు. వచ్చేసరికి నాదీ అతనిదీ రెండూ తుడిచి పెడదాం అనుకున్నాను. అతను చూసి సంతోషిస్తాడనిపించింది.

దుప్పటి మీద పరిచి నాది విప్పాను. బోల్టు తీసి చేతిలో పట్టుకున్నాను. అందులో సన్నటి ఇనుప పిన్ను ఒకటి ఉంటుంది. అది వెళ్ళి తగిలితేనే తూటా పేలుతుంది. అది లేదు.

దుప్పటి దులిపాను. మంచం కింద చూశాను. ఆ తర్వాత వెతకడం ఆపేశాను. పిన్ను దానంతటది రాలిపోదు. వంటవాడు నా వైపు చూసి, వెంటనే గిన్నె వైపు తిరిగాడు. హర్యానా జవాను లేచి బయటికి వెళ్ళిపోయాడు. వాళ్ళకు తెలుసు.

విఠల్ మంచు సంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. దుప్పటి మీదున్న బోల్టు చూశాడు. సంచి దించాడు.

"పిన్నేది విఠల్?"

చొక్కా లోపలి జేబులోంచి చిన్న గుడ్డ మూట తీశాడు. విప్పి చూపించాడు. ఇవ్వలేదు.

"సాబ్ తియ్యమన్నడా?"

"నేనే సాబ్‌కు చెప్పిన."

"ఒట్టేసినవ్ గదా."

"ఏసిన."

"ఎప్పటిసంది?"

"నువ్వు ఆ మాటన్న రోజుసంది."

అంటే ఇన్నాళ్ళూ. రాళ్ళ మీద మోచెయ్యి ఆనించి, వేలు ట్రిగ్గర్ పక్కన పెట్టుకుని, లోయలోకి చూస్తూ నిలబడిన పొద్దులన్నీ.

"నేను మోర్చాల ఉన్నప్పుడు వాళ్ళొస్తుంటె?"

"నేనుంటుంటి అన్నా. దగ్గర్లనే ఉంటుంటి."

సుబేదార్ సాబ్ పక్క గుడిసెలోంచి వచ్చాడు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. దారి తెరిచి ఉంటే నన్ను ఎప్పుడో కిందికి పంపేవాణ్ణన్నాడు. డ్యూటీ కూడా తీసేస్తే నేను అసలు లేవనని విఠల్ బతిమాలాడట. అందుకే డ్యూటీ ఉంచి, పిన్ను తీయించాడు.

"నాకు ఒక్క మాట చెప్పాల్సింది సాబ్," అన్నాను.

"చెబితే రైఫిల్ ఇచ్చేసేవాడివి. మోర్చాలో నిలబడేవాడివి కాదు."

ఆయన అన్నది నిజమే కావచ్చు. నన్ను నేను కాల్చుకునే ఆలోచన ఎన్నడూ రాలేదని కూడా నేను అనలేను. వచ్చింది. కానీ ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే. నేను కాపలా కాస్తున్నట్టు ఐదుగురు మనుషులు నాతో నటించారు. శభాష్‌తో సహా. నా చేతిలో మిగిలిన ఒక్క పనీ పని కాదు. పేచీ పెడుతున్న పిల్లవాడి చేతిలో పెట్టిన బొమ్మ.

దారి తెరిచిన రోజు నన్ను కిందికి దించారు. విఠల్‌తో మాట్లాడలేదు. మిలిటరీ దవాఖానలో ఉంచారు. మందులు ఇచ్చారు. తర్వాత మెడికల్ బోర్డు కూర్చుని, నన్ను ఇంటికి పంపింది.

జహీరాబాదు బస్టాండులో అనిత ఒక్కతే వచ్చి నిలబడింది. ఆటోలో పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. ఇంటికి వెళ్ళి స్నానాల గదిలోకి పోయి తలుపు వేసుకోబోయాను. గడియ లేదు. అది ఉన్న చోట స్క్రూల రంధ్రాలు మాత్రం ఉన్నాయి. చుట్టూ పాత రంగు, మధ్యలో గడియ ఆకారంలో తెల్లటి చెక్క.

బయటికి వచ్చాను.

"గడియ ఎవరు తీసిన్రు?"

అనిత పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. "నేనే."

"ఎందుకు?"

"విఠల్ చెప్పిండు. నువ్వు పైననే ఉన్నప్పుడు ఫోన్ చేసిండు."

హుషారు గొంతు, గడ్డం సంగతి, అన్నీ అర్థమయ్యాయి.

"నన్ను అడగొచ్చు గదా అనితా."

"అడిగితె చెప్తుంటివా?"

తలుపు దగ్గరికి వేసి, దాని మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో నీళ్ళు పోసుకున్నాను. చాలా నెలలు అలాగే పోసుకున్నాను. మాత్రలు ఆమే తీసి ఇచ్చేది, మింగేదాకా చూసేది. ఇంట్లో కూడా నేను సెంట్రీ కింద ఉన్నాను.

ఇక్కడా బతుకును ముక్కలు చేసుకునే గడిపాను. లేవడం. మంచం పట్టె మీద కూర్చోవడం. పళ్ళు తోముకోవడం. ఆ రోజుకు అదే పని. తర్వాత వీధి చివరి దాకా వెళ్ళి పాలు తేవడం. దారిలో ఎవరైనా పలకరిస్తే నిలబడి రెండు మాటలు అనడం. అది అన్నిటికంటే కష్టం. దుకాణం మొదలుపెట్టిన కొత్తలో కొన్ని రోజులు షట్టరు సగం ఎత్తి, లోపల కూర్చుని, మళ్ళీ దించేసి ఇంటికి పోయాను. ఇప్పుడు చాలా రోజులు పూర్తిగానే ఎత్తుతున్నాను. మందులు నడుస్తున్నాయి. ఒక సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి స్నానాల గదికి కొత్త గడియ బిగించి ఉంది. అనిత పనే. ఆ రోజు తలుపేసుకుని చాలాసేపు నీళ్ళు పోసుకున్నాను. తలుపవతల ఆమె గాజుల చప్పుడు వినపడుతూనే ఉంది.

విఠల్ సెలవు మీద వచ్చినప్పుడు దుకాణానికి వచ్చాడు. సంచి నిండా కోహీర్ జామకాయలు తెచ్చాడు. కౌంటరు మీద పెట్టి నిలబడ్డాడు. నేను కూర్చోమనలేదు. ఎదుటి హోటలుకు చాయ్ మాత్రం చెప్పాను.

"ఎట్లున్నవన్నా?"

"ఉన్న."

చాయ్ వచ్చింది. తాగాం.

"నువ్వు చేసింది తప్పంటలేను విఠల్. కని నన్ను ఎర్రోణ్ణి చేసినవ్. అందరి ముంగట."

అతను ఖాళీ గ్లాసును చేతిలో తిప్పాడు.

"చేసిన. నువ్వు మల్ల గట్లయితె మల్ల చేస్త."

గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాడు. సెలవు వచ్చినప్పుడల్లా వస్తాడు. నేను రావద్దనలేదు. రమ్మని కూడా ఎన్నడూ అనలేదు. అతని వల్లే ఈ దుకాణంలో కూర్చుని ఉన్నానని తెలుసు. అయినా నా స్కూటరుకు చిన్న రిపేరు వస్తే మెకానిక్ చేతికి ఇచ్చి పక్కకు పోలేను. పని అయ్యేదాకా అతని చేతుల్నే చూస్తూ నిలబడతాను.

ఒకటి మాత్రం పోదు. నన్ను కిందికి దించిన పొద్దున, నడుముకు తాడు కట్టుకునే ముందు, మోర్చా పక్కనున్న పెద్ద బండ వెనక్కి వెళ్ళాను. అంతకుముందు ఎన్నడూ అటు వెళ్ళలేదు. అక్కడ మంచు ఒక మనిషి నిలబడేంత మేర అణిగి, గట్టిపడి, గాజులా మెరుస్తోంది. బండ అంచున భుజం ఆనిన చోట మంచు అరిగిపోయి రాయి బయటపడింది. నేను అందులో నిలబడి చూశాను. అక్కడి నుంచి వాళ్ళ శిఖరం కనపడదు. లోయ కనపడదు. కనపడేది మోర్చాలో నేను నిలబడే చోటు ఒక్కటే.