దొరసాని డైరీలో మా అమ్మ

నా చిన్నప్పుడు మేము అరబ్బు దేశంలో, సలాలా అనే రేవుపట్నంలో ఉండేవాళ్లం. నాన్నగారు అక్కడి పోర్టులో ఇంజనీరు. కాకినాడలో టైపు నేర్చుకున్న మా అమ్మ, సముద్రం దగ్గర ఒంటరిగా ఉండే ఒక ఇంగ్లీషు రచయిత్రి దగ్గర పనికి కుదిరింది. ఆవిడ వాళ్ల దేశంలో పెద్ద జమీందారీ కుటుంబంలో పుట్టిందట. మా ఇంట్లో అందరం ఆవిణ్ణి దొరసాని అనేవాళ్లం.

వానాకాలం సెలవుల్లో అమ్మ నన్నూ వెంట తీసుకెళ్లేది. సలాలాలో ఆ రోజుల్లో ఎండే ఉండదు. ఎప్పుడూ సన్నటి తుంపర, కొండల మీద పొగమంచు. దొరసాని కాగితాలన్నీ చెమ్మ పట్టాయి. పెట్టెల్లోంచి ఉత్తరాలు, డైరీలు తీసి ఫ్యాను కింద ఆరబెట్టడం నా పని. డైరీలు టైపు చేయడం అమ్మ పని. దొరసాని మేనల్లుడు వచ్చి అవన్నీ ఇంగ్లండులో ఏదో లైబ్రరీకి పట్టుకుపోతాడు. ఆలోగా అంతా పూర్తి కావాలి.

ఒకరోజు దొరసాని ఒకచోట కుదురుగా కూర్చోలేదు. ఒక డైరీ తీసి చదివేది, అలమరలో పెట్టేది, కాసేపటికి మళ్లీ తీసేది. వరండాలోకి వెళ్లి, తుంపర కేసి చూసి తిరిగొచ్చేది. పోసుకున్న టీ తాగనేలేదు. అమ్మను పనిలోంచి తీసేస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది. అదే అమ్మ చెవిలో అన్నాను. ఊరికే కంగారు పడకు, కాగితాలు తిరగెయ్యి అంది గానీ, అమ్మ కూడా ఒకే లైను రెండుసార్లు కొట్టింది.

చివరికి దొరసాని ఆ డైరీ తెచ్చి అమ్మ ముందు తెరిచి పెట్టింది. మీరు చేరిన కొత్తలో రాసుకున్నది ఇది, టైపు చేస్తూ చేస్తూ మీ కంట పడటం నాకు ఇష్టం లేదు, నా ఎదుటే చదవండి, వద్దంటే ఈ పేజీ ఇప్పుడే చింపేస్తాను అంది. అమ్మ భుజం మీదుగా నేనూ చదివాను. కొత్త టైపిస్టు మందమతి అనీ, ఆవిడ కొబ్బరినూనె వాసన గదంతా పట్టేసిందనీ, ఈ జాతికి ఎంత చెప్పినా ఇంతేననీ ఉంది.

ఆ పేజీ నేనే చింపబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గొడుగు తీసుకుని, నన్ను లాక్కుంటూ బయటికి నడిచింది. కొబ్బరితోటల పక్కనుంచి సముద్రం దాకా వెళ్లాం. అమ్మ నడిచేది, ఆగేది, వెనక్కి తిరిగేది. ఇంటికి పోదామని నేను ఏడ్చాను.

"పోదాంలే. నాకు చూపించకుండా చింపేస్తే మనకి తెలిసేదే కాదు కదే. ఎందుకు చూపించిందా అని ఆలోచిస్తున్నాను" అంది అమ్మ.

మళ్లీ ఆ ఇంటికే వెళ్లాం. దొరసాని వరండాలోనే నిలబడి ఉంది, జుట్టంతా తడిసిపోయి. అమ్మ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. "చింపకండి మేడమ్. మీరు రాసిందే కదా, ఉండనివ్వండి. కానీ ఇవాళ జరిగింది కూడా రాయండి. రెండూ నేనే టైపు చేస్తాను."

అన్ని పుస్తకాలు రాసిన మనిషి, ఆ ఒక్క పేజీ కోసం సాయంత్రం దాకా కూర్చుంది. రాసేది, కొట్టేసేది. మధ్యలో తలెత్తి, మీ పూర్తి పేరు అక్షరాలు ఒక్కొక్కటీ చెప్పండి అని అమ్మను అడిగింది. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. ఆ పేజీలో గొప్ప మాటలేమీ లేవు. నేను రాసింది ఆవిడకు చూపించాను, లేచి వెళ్లిపోయింది, వస్తుందో రాదో తెలియక బయటే నిలబడ్డాను, వచ్చింది అని రాసింది, అంతే.

అమ్మ రెండు పేజీలూ తప్పు లేకుండా కొట్టి కట్టలో పెట్టింది. మేనల్లుడు వచ్చి పట్టుకుపోయాడు. ఆవిణ్ణి అమ్మ క్షమించిందో లేదో నాకు తెలియదు. తలకు నూనె మాత్రం మానలేదు.

ఇప్పుడు నేను అదే దేశంలో, అల్ హైల్ అనే ఊళ్లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఎవరి గురించైనా వెనకాల నోరు జారితే ఈ వయసులోనూ నాకు కాలు నిలవదు. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతాను. వాళ్ల ఎదుటికి వెళ్లి, నిన్ను ఇలా అన్నాను అని చెప్పేస్తే గానీ ఊపిరాడదు. విన్నవాళ్లు ముఖం తిప్పుకుని వెళ్లిపోవచ్చు. తిరిగి వస్తారన్న నమ్మకమూ లేదు. అయినా చెప్పి, అక్కడే నిలబడతాను.