ఒక్క జవాబుకు మూడు గంటలు

కంఠతా వచ్చిన సబ్జెక్టులో, ఎవరి సాయమూ లేకుండా ఫెయిల్ కావడం ఎలాగో తెలుసుకోవాలని ఉందా? అయితే కాస్త దగ్గరకు జరిగి కూర్చోండి. ఆ ఘనకార్యం చేసింది నేనే.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. నేను జనగామలో డిగ్రీ చివరి సంవత్సరం. పొద్దున కాలేజీ, సాయంత్రం చౌరస్తాలో దీక్షా శిబిరం. అక్కడ నా చేతికి మైకిస్తే తిరిగి తీసుకోవడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చేది. మా బాపు ఒక్కటే షరతు పెట్టాడు.

"ఉపన్యాసాలు ఎన్నన్న ఇయ్యి బిడ్డా. గని డిగ్రీ పాసైతెనే వరంగల్‌ల ఎం.ఏ. లేకుంటె ఘన్‌పూర్‌కొచ్చి మన చేన్ల పత్తి ఏరు."

నాకేం భయం? పరీక్ష రాసే ఒడుపు గురించి హాస్టల్ మొత్తానికి పాఠాలు చెప్పేదాన్ని నేనే. నా గదిలో ఉండే కమలది పెద్దవంగర దగ్గర తండా. ప్రశ్నపత్రం పేరెత్తితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికేది.

"ముందుగాల పేపర్ మొత్తం సదువు. బాగ వచ్చింది ఫస్ట్ రాయి. ఒక్కోదానికి అర్ధగంటనే. టైమైతే సగంల ఉన్నా ఇడిసిపెట్టు" అన్నాను.

"సగంల ఎట్ల ఇడుస్తరే?"

"మనసు రాయి చేసుకోని ఇడుస్తరు!"

రాజనీతి శాస్త్రం పరీక్ష రోజు పేపరు చేతికందింది. మొదటి ప్రశ్న: "చిన్న రాష్ట్రాల వల్ల కలిగే లాభనష్టాలను చర్చింపుము." చూశారా అన్యాయం! ఆకలి మీదున్న మనిషి ముందు బగారన్నం పెట్టి, రెండు మెతుకులే తినమంటే ప్రాణం ఆగుతుందా?

"గౌరవనీయులైన పెద్దలకు" అని మొదలుపెట్టాను. నీళ్లు రాశాను, నిధులు రాశాను, కొలువులు రాశాను. చప్పట్ల కోసం అక్కడక్కడా ఖాళీ వదిలాను. అడిషనల్ షీట్లు తెచ్చీ తెచ్చీ ఇన్విజిలేటర్‌కు విసుగొచ్చింది. ఆయనది కోస్తా వైపు.

"ఏమ్మా, ఎన్నో ప్రశ్న రాస్తున్నావ్?"

"మొదటిదే సార్."

"సగం టైము అయిపోయిందమ్మా!"

"ఎన్నేండ్ల గోసనో సార్! గంటన్నరల ఎట్ల ఒడుస్తది?"

ముందు బెంచీలో కమల దగ్గడం మొదలుపెట్టింది. నా వైపు తిరిగి, మణికట్టు మీద వేలితో కొట్టి మరీ దగ్గింది. పాపం, దీనికి జలుబు చేసినట్టుంది అనుకున్నాను. సారు జాలిపడి దానికి నీళ్లు తెప్పించాడు.

లాభాలు పూర్తయ్యాక "నష్టాలు" అని శీర్షిక పెట్టి కింద ఒక్క ముక్క రాశాను: "ఏమీ లేవు. ఉన్నాయనేవారు ముందుకొచ్చి నాతో మాట్లాడాలి." అప్పుడే చివరి బెల్లు మోగింది.

"సార్, ఇంక నాలుగు ప్రశ్నలున్నయి!"

"నాకు మొదటి నుంచీ తెలుసమ్మా. నీకే ఇప్పుడు తెలిసింది."

ఫలితాలొచ్చాయి. కమల ప్రతి ప్రశ్ననూ మనసు రాయి చేసుకుని మధ్యలో వదిలేసి, హాయిగా పాసై వరంగల్ వెళ్లింది. నేను ఘన్‌పూర్ వెళ్లాను.

చేనులో మాత్రం ఊరుకుంటానా? కూలి రేట్లు మొదలుకొని కేంద్ర బడ్జెట్ దాకా పత్తి చెట్ల మధ్యే చర్చ పెట్టాను. ఆ సీజన్‌లోనే సప్లిమెంటరీ రాసి పాసయ్యాను. అయినా బాపు ఇంకా బెట్టు చేస్తుంటే, పత్తి ఏరే ఆడవాళ్లందరూ కలిసి ఇంటి ముందుకొచ్చారు.

"పటేలా, నీ కాల్మొక్కుత, గీ పిల్లను జల్ది చదువుకు తోలు. ఆమె మాట్లాడుతుంటె మాకు పత్తి ఏర చేతులాడుతలేవ్!"

మరుసటి ఏడాది అలా నేను ఎం.ఏ.లో చేరాను, కూలీల సిఫారసు మీద.

ఆ రోజే గోదారమ్మ మీద ఒట్టేసుకున్నాను: ఇక జన్మలో ఏ ఒక్క ప్రశ్న దగ్గరా మూడు గంటలు కూర్చోను. మా ఆయన "ఇప్పుడు నేనేం తప్పు చేసిన?" అని అడిగినప్పుడు తప్ప.