స్లాబ్ దావత్‌లో సోడా

చౌటుప్పల్ చుట్టుపక్కల ఇల్లు కట్టుకునేవాళ్లకు స్లాబ్ పోసిన సాయంత్రం దావత్ ఇవ్వడం తప్పదు. మటన్, మందు ఇంటాయన తేవాలి. నేను కరెంటు పనివాణ్ణి. స్లాబుకు ముందే పైపులు, ఫ్యాను డబ్బాలు అమర్చి, కాంక్రీటు పడేటప్పుడు అవి పగలకుండా పైనే నిలబడి చూసుకుంటాను. అందుకని దావత్‌లో నాకూ ఒక గ్లాసు ఉండేది. తర్వాతి పని ఎవరింట్లో, అందులోకి ఎవర్ని పిలవాలి, అన్నీ అక్కడే తేలేవి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు పచ్చకామెర్లయ్యి నల్లగొండ దవాఖానలో పడ్డాను. డాక్టరు ఇక మందు ముట్టొద్దన్నాడు. ముట్టలేదు. అదేదో ఘనకార్యం అని చెప్పుకోను, ప్రాణం మీద తీపి. అయితే ఒళ్లు కుదుటపడ్డాక చూస్తే ఫోన్ మోగడం తగ్గింది. ఏళ్ల తరబడి నన్ను వెంటేసుకు తిరిగిన మేస్త్రి కూడా పిలవడం మానేశాడు. పనిలో ఏం తప్పు చేశానో తెలియక కొన్నాళ్లు కుమిలిపోయి, చివరికి ఆయన్నే అడిగాను.

"నీ పనికి వంక లేదు తమ్మీ. తాగెటోళ్ల నడుమ తాగనోడు కూసుంటే మాకు నోరు పెగలదు. మేం తెల్లారి మర్చిపోతం. నువ్వు అన్నీ యాదికి పెట్టుకుంటవ్."

నాకు ఒళ్లు మండింది. తాగి పనికి ఎగనామం పెట్టేవాడికి పని దొరుకుతుంది, తాగనివాడు పనికిరానివాడయ్యాడు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడ్డ రోజున, మళ్లీ ఒక గ్లాసు పట్టుకుంటే పోలా అని కూడా అనుకున్నాను.

అప్పుడే గొర్రెలు కాసుకునే ఒకాయన మంద సగం అమ్మి ఇల్లు మొదలుపెట్టాడు. ఆయన తమ్ముడింట్లో కరెంటు పని నేనే చేశాను కాబట్టి నన్నే పెట్టుకుంటానని పట్టుబట్టాడు. మేస్త్రి మాత్రం మా పాత మేస్త్రే. బేస్‌మెంట్ అయిన సాయంత్రం ముగ్గురం గొర్రెలదొడ్డి పక్కన కూర్చున్నాం. వాళ్లకు కల్లు, నాకు సోడా. పైఅంతస్తును కంపెనీలో పనిచేసే పిల్లలకు కిరాయికి ఇచ్చుకోవాలి, మెట్లు బయటినుంచే పెట్టమన్నాడు ఇంటాయన. "గట్లనే కానియ్" అని మేస్త్రి తొడ చరిచాడు.

గోడలు లేస్తున్నన్ని రోజులూ ఇంటాయన మందను తోలుకుని నందికొండ దిక్కు మేపుకి పోయాడు. తిరిగొచ్చేసరికి స్లాబు కింద కర్రలు నిలబెట్టి, రేకులు పరిచి సెంట్రింగ్ కొట్టేశారు. మెట్లకు వదిలిన కంత ఇంటి లోపల, హాల్లో ఉంది. ఆయన లబోదిబోమన్నాడు. అసలు ఆ మాటే రాలేదని మేస్త్రి వాదించాడు. వాదించుకుని, ఇద్దరూ నా వైపు తిరిగారు.

నిజం చెబితే కొట్టిన రేకులూ కర్రలూ విప్పాలి, మేస్త్రి మళ్లీ పనికి పిలుస్తాడన్న ఆశ అంతటితో సరి. చెప్పకపోతే గొర్రెలమ్ముకున్న మనిషికి కిరాయి ఆశ పోతుంది. నాకు మేస్త్రి మీద జాలేమీ కలగలేదు కానీ భయం మాత్రం గట్టిగానే వేసింది.

"బయటినుంచే అన్నడు. నువ్వు సరే అన్నవన్నా."

మేస్త్రి నన్ను తిట్టలేదు. కూలీలను పిలిచి రేకులు విప్పించాడు. పొద్దుగూకేదాకా నా ముఖం చూడలేదు. నేను సామాన్లు సర్దుకుంటుంటే దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"నిజంగనే గట్లన్ననా?"

"అన్నవన్నా. తొడ గూడ కొట్టుకున్నవ్."

"నాకు యాదికే లేదు తమ్మీ. జర గూడ లేదు."

ఆ గొంతులో భయం అంతకుముందెప్పుడూ వినలేదు. అన్నాళ్లు దాచుకున్న కోపం నాలో అప్పుడే చల్లారింది.

ఆయన మందు మానలేదు. కొన్నాళ్లకు ఇంకో ఇంటి పని ఒప్పుకునే రోజు నాకు ఫోన్ చేశాడు.

"పొద్దుగూకంగ కూసుంటున్నం. నువ్వొచ్చినంకనే మాట్లాడుత. నీ సోడా నేనే తెస్త."