గిన్నె మీది పేరు

మా వీధికి రాగి గిన్నెలకు తగరం పూసే కలాయివాడు రావడం మానేసి చాలా ఏళ్లయింది. మొన్న పక్క మేడవాళ్లు పాత డేగిసాల కోసం ఎవరినో పిలిపించారు. కాలిన రాగి మీద చల్లిన నవాసాగరం పొగ ఘాటుగా లేచి మా కిటికీలోంచి వచ్చింది. చదువుతున్న బైబిలు మూసేశాను. ఆ పొగ తగిలితే చాలు, వెంటనే కరుణమ్మగారు గుర్తొస్తారు.

ఆవిడ తిరుమలగిరిలో మా చర్చికి బైబిలు స్త్రీ. తెల్లచీర కట్టుకుని, గొడుగు పట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించేవారు. నిజాం కాలపు బడిలో చదివారు కాబట్టి తెలుగు ఎంత వచ్చో ఉర్దూ అంతే వచ్చు. నాకప్పుడు ఏ అక్షరమూ రాదు.

నిజాం రాజ్యం కూలిన పోలీసు చర్య రోజుల్లో, ప్రాణభయంతో పక్కింటి హుసేన్ బీ పిల్లలతో ఇల్లు విడిచిపోతూ తన పెళ్లినాటి రాగి గిన్నె నా చేతిలో పెట్టింది. "అమానత్ రాహేలూ, పైలం," అంది. నమ్మి, జాగ్రత్తగా దాచమని ఇచ్చిందన్నమాట. ఇక వాళ్లు రారని గల్లీ అంతా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. అందులో వండుకోవడం మొదలుపెట్టాను. కొన్ని నెలలకు ఆమె తిరిగొచ్చింది, భర్త లేకుండా. గిన్నె అడిగితే, "లూటీ చేసినోళ్లు ఎత్తుకపోయిన్రు అక్కా," అన్నాను. ఆ రోజు నుంచి మోకాళ్లూని దేవుణ్ణి క్షమించమని అడగని పూట లేదు. గిన్నె మాత్రం అటక మీదే ఉంది.

మా చర్చిలో ఆడవాళ్లం వండేముందు పిడికెడు బియ్యం దేవుని పేర తీసిపెట్టి, ఆదివారం కానుకగా తెస్తాం. ఒకసారి, ప్రభు భోజనమని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం కదా, కాస్త ఘనంగా ఉండాలని బియ్యం ఆ గిన్నెలోనే పట్టుకెళ్లాను. హుసేన్ బీ అక్కడికి రాదు. మెట్ల దగ్గర కరుణమ్మగారు గిన్నె అందుకుని, అంచు మీద వేలు పెట్టి ఆగిపోయారు.

"ఎవరిదే ఇది?"

"మాదేనమ్మా."

"మరి హుసేన్ బీ పేరెందుకున్నది దీని మీద?"

అంచు మీది ఆ ఉర్దూ రాతను ఇన్నాళ్లూ నగిషీ అనుకున్నాను. లోపల కీర్తన మొదలైంది. నా వెనక ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. జరిగిందంతా గొణుగుతూ చెప్పాను. ఆవిడ ఎవరికీ వినపడకుండా బియ్యం నా కొంగులోనే పోసి, గిన్నె చేతికిచ్చారు.

"ఇయ్యాల రొట్టె ముట్టకు. దేవునితో సమాధానపడాల్నంటే ముందు మీ గల్లీకి పో."

"మీరు సుత రాండ్రి అమ్మా."

"అబద్ధం ఇద్దరం కలిసి చెప్పినమా?"

హుసేన్ బీ గుమ్మంలో ఆమె అన్న కూర్చుని ఉన్నాడు. ఠాణాకు ఈడుస్తాడేమో అనుకుంటూనే, "నేనే దాచిన అక్కా, అబద్ధమాడిన," అన్నాను. ఆమె గిన్నె తిప్పి లోపలికి చూసింది.

"కలాయంతా పోయింది. చింతపులుసు గిట్ల వండినవా?"

తలూపాను.

"ఎత్తుకపోయినోళ్ల పిల్లలు పాడుగాను అని దినాం తిట్టిన. ఆ తిట్లన్నీ నీ పిల్లలకు తగలాల్నా?"

అక్కడే కూలబడ్డాను. ఆమె లేపలేదు. చివరికి గిన్నె నా ఒళ్లో పెట్టింది. "కలాయి పోయించుకొని రా. అప్పుడు చూద్దాం."

మర్నాడు కొలిమి పక్కన ఆ పొగ మింగుతూ కూర్చున్నాను. మెరిసే గిన్నె తీసుకెళ్తే ఆమె చాలాసేపు అంచు తడిమింది. "తిట్లు వాపస్ తీసుకున్న," అంది. తలుపు దగ్గరికి వచ్చాక మళ్లీ పిలిచింది. "అమానత్ మాత్రం ఇగ నీకియ్య."

తర్వాతి ప్రభు భోజనానికి బియ్యం కొంగులోనే తీసుకెళ్లాను. కరుణమ్మగారు చాప మీద కాస్త జరిగి నాకు చోటిచ్చారు.

నలభై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. కానీ నేను మొదట అడిగి నేర్చుకున్నది ఉర్దూలో ఆ పేరు. ఇప్పుడు తెలుగు బైబిలు ఎక్కడ తెరిచినా చదువుతాను. ఉర్దూలో ఆ ఒక్క పేరే వచ్చు. తప్పు చేసిన రోజున, మోకరించే ముందు, దాన్ని వేలితో నేల మీద రాస్తాను. ఎవరి గుమ్మానికి పోవాలో అప్పుడు తెలుస్తుంది.