ప్రస్థానం పెట్టిన సంచి

మా అన్నయ్యది పలివెల. వేదం చదువుకున్నవాడు. గుళ్ళో అభిషేకమైనా, ఊళ్ళో పెళ్ళయినా, తద్దినమైనా ఆయన గొంతు వినపడాల్సిందే. నేను ఆ చదువు మధ్యలో ఎగ్గొట్టి, అమలాపురంలో కాలేజీ మేష్టరుగా స్థిరపడ్డాను. ఆయన శాస్త్రాన్ని నేనూ, నా తొందరపాటును ఆయనా వెక్కిరించుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశాం.

పోయిన వేసవిలో ఒకరోజు పారాయణ మధ్యలో ఆయన మూతి ఓ పక్కకి లాగేసింది. మాట ముద్దముద్దగా వచ్చింది. గంటలో అంతా సర్దుకుంది. మేం ఊపిరి పీల్చుకున్నాం గానీ డాక్టరు మాత్రం మొహం సడలించలేదు.

"ఇది హెచ్చరికండీ. రక్తం పలచబడే ఈ మాత్ర ఒక్కరోజు కూడా మానకండి. మళ్ళీ వస్తే ఇలా వదిలిపెట్టదు. మాటే పోవచ్చు."

రోజూ నడవమని కూడా చెప్పారు. వీధిలో నడిస్తే అడుగడుక్కీ ఒకరు ఆపి ముహూర్తాలు అడుగుతున్నారని అన్నయ్య విసుక్కునేవాడు. "నన్నెవరూ ఎరగని చోటికి తీసుకెళ్ళరా, ఓ పూట చెట్ల మధ్య తిరిగొస్తాను" అన్నాడు. కోరంగి మడ అడవి అన్నది నేను.

రెండో శనివారం నాకు సెలవు. కారు మాట్లాడాను. ఏ వేళకి వెళ్తే బావుంటుందో ఫోన్లు చేసి కనుక్కున్నాను. పోటు తగ్గి నీరు తీసిన వేళ అయితే బురద మీద పీతలు కనిపిస్తాయన్నారు. ఎన్నింటికి బయల్దేరాలి, రామచంద్రపురంలో ఎక్కడ కాఫీ తాగాలి, చెక్కల దారి మీద ఎంతసేపు నడవాలి, అన్నీ ఓ కాగితం మీద రాసుకున్నాను. ప్రయాణం కంటే ఆ కాగితమే నాకు ముద్దుగా ఉండేది.

"శనివారం తూర్పుకి ప్రయాణమేవిట్రా? వారశూల కదా, అటు కదలకూడదు" అన్నాడు అన్నయ్య.

"నాకు సెలవు శనివారమే. శూలకి సెలవు ఇప్పించు."

నవ్వి, ప్రస్థానం పెడతానన్నాడు. మంచిరోజు చూసి, తీసుకెళ్ళాల్సిన సంచిని ముందే మరొకరింట్లో పెడితే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు. అసలు రోజున మనిషి వెళ్ళి ఆ సంచిని కలుసుకుంటాడు. ఈలోగా దాన్ని వెనక్కి తేకూడదు, విప్పకూడదు. గురువారం తెల్లవారుతూనే స్నానం చేసి, తనే సంచి సర్దుకుని, తూర్పు వైపు నాలుగో ఇంట్లో పెట్టి వచ్చాడు.

శుక్రవారం నేను క్లాసు నుంచి బయటికొచ్చేసరికి ఫోను.

"ఒరేయ్, ఓ చిన్న పొరపాటు. మాత్రలు కూడా సంచిలోనే సర్దేసేను. నిన్నా, ఇవాళా వేసుకోలేదు."

"నాలుగో ఇల్లేగా, వెళ్ళి తెచ్చుకో."

"పెట్టిన ప్రస్థానం విప్పకూడదురా. కొత్తపేటలో కొందామంటే సాయంత్రానికల్లా మీ వదినకి తెలిసిపోతుంది. తెలిస్తే అది ఇల్లు పీకి పందిరేస్తుంది. నువ్వక్కడ కొని ఎవరిచేతైనా పంపించు."

"మాత్ర పేరేమిటి?"

"చిన్నది. తెల్లది."

"పేరు, అన్నయ్యా!"

"చీటీ కూడా సంచిలోనే ఉందిరా."

నాకు ఒళ్ళు మండింది. ఇంతకాలం వెక్కిరించిందంతా కోపమై బయటికొచ్చింది. "సరే, నీ శాస్త్రమే నిన్ను చూసుకుంటుందిలే" అని ఫోను పెట్టేశాను.

డాక్టరుకి ఫోను చేస్తే పేరు చెప్పేవారు. బండి తీస్తే గంటలో పలివెల వెళ్ళి, ఆ సంచి నా చేత్తో విప్పి, ఆ పాపమేదో నేనే కట్టుకునేవాణ్ణి. ఈ రెండూ నాకు ఆ క్షణంలోనే తోచాయి. తోచినా, ఆయనకి ఓసారి తెలిసిరావాలన్న పట్టుదల పట్టుకుంది. ఆ సాయంత్రం టోపీ, మంచినీళ్ళ సీసాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

శనివారం కారు నాలుగో ఇంటి ముందు ఆగింది. మాతో వస్తున్న వదిన కారులోనే ఉంది. అన్నయ్య సంచి తీసుకుని, కారు వెనక నిలబడి మాత్ర వేసుకుని, నా వైపు చూసి కన్నుగీటాడు. నేను నవ్వలేదు. దారిపొడుగునా ఆయన పక్కనే కూర్చుని మూతి వైపే చూస్తూ వచ్చాను. యానాం దాటాక, "ఏవిట్రా, నా మొహమ్మీద కోతి ఆడుతోందా?" అన్నాడు. మాట స్పష్టంగానే ఉంది.

మడ అడవిలో చెక్కల దారి సన్నగా లోపలికి పోయింది. రెండువైపులా నల్లటి బురద. అందులోంచి చెట్ల వేళ్ళు నారుమడి మొలకల్లా పైకి పొడుచుకొచ్చాయి. గాలి లేదు. ఎక్కడో బురద టప్పుమని పేలుతోంది తప్ప వేరే చప్పుడు లేదు. దారి చూపించే మనిషి ఓ చెట్టు దగ్గర ఆగి, "దీన్ని ముట్టుకోకండి బాబూ, తిల్ల. పాలు కంట్లో పడితే చూపు పోతాది" అన్నాడు. వెనక్కి పోదామన్నాను. అన్నయ్య వినలేదు. చిన్నపిల్లాడిలా ప్రతి చెట్టు దగ్గరా ఆగి పేరడుగుతున్నాడు.

"ఇదేం చెట్టండీ?"

"తెల్లమడండీ."

"మరి ఇదో?"

"నల్లమడ."

"మరి... మ... మ..."

వేళాకోళం అనుకున్నాను. తర్వాత ఆయన కుడిచెయ్యి దారి పక్క కమ్మీ మీంచి జారిపోయింది.

కాకినాడ ఆసుపత్రిలో డాక్టరు అడిగారు, "మాత్రలు సక్రమంగా వేసుకుంటున్నారా? ఈ మధ్యేమైనా మానేరా?"

"ఆయ్, రోజూ వేసుకుంటారండీ. ఒక్కపూట మానరు" అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరు నా వైపు చూశారు. నేను గోడ మీద గడియారం వైపు చూశాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్తే వైద్యం మారేదో లేదో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యం కూడా లేదు.

నాలుగు నెలలైంది. అన్నయ్య కర్ర పట్టుకుని వరండాలో తిరుగుతున్నాడు. అందరినీ గుర్తుపడతాడు, అన్నీ అర్థమవుతాయి. మాట మాత్రం లేదు. ఆదివారాలు నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చుంటాను. చూడవచ్చిన ప్రతివాళ్ళకీ వదిన చెప్తుంది, "మా మరిది పక్కనుండబట్టి మనిషి దక్కేరండీ" అని. అన్నయ్య నా వైపు చూస్తాడు. ఆ చూపులో కోపం ఉందో, జాలి ఉందో నాకు తెలియదు. ఆ ఫోను సంగతి ఆయనకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

పోయిన ఆదివారం, మాటలు నేర్పించడానికి వచ్చే అమ్మాయి ఆయన చేత రెండు అక్షరాలు పలికించింది. "ఇంకో రెండు నెలల్లో చిన్నచిన్న మాటలు వచ్చేస్తాయండీ" అంది. వదిన దేవుడి గదిలోకి పరిగెత్తి దీపం పెట్టింది. నాకు ముందు భయం వేసింది. సంతోషం ఆ తర్వాత వచ్చింది.